ఎండ పడని బిడ్డకు ఏ వెలుగు పడటం లేదో ముందు తేల్చుకోండి

మా పాపకు నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు తిరుపతి గంగజాతరకని తాతయ్యగుంట దగ్గర పావుగంట ఎండలో నిలబడ్డాం. ఇల్లు చేరేలోపే చేతులు మండుతున్నాయని ఏడుపు. రాత్రంతా బకెట్ నీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను గాలి తగిలినా కేక పెట్టింది. చూస్తే దద్దు లేదు, పొక్కు లేదు, వేళ్ళు కాస్త ఉబ్బాయంతే. వేడి చేసిందని మా అత్తమ్మ మజ్జిగ తాగించింది. ఆ తర్వాత మూడేళ్ళు ఒక డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరు, అన్ని చోట్లా ఎలర్జీ మాత్రలే. బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి తేలిన పేరు ఎరిత్రోపొయెటిక్ ప్రోటోపోర్ఫిరియా. నోరు తిరగదు కాబట్టి ఈపీపీ అంటారు.

ఆ పేరు తెలిసిన రోజే ఆస్పత్రి వరండాలో పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి పరిచయమైంది. ఒళ్ళో ఏడు నెలల పాప, పక్కన మూడేళ్ళ కొడుకు. వాడి ముఖం నిండా మిరియాలు చల్లినట్టు చిన్న చిన్న మచ్చలు. "వీడు ఎండలో ఎంతసేపైనా ఆడుకుంటాడక్కా, ఒక్కరోజు కూడా మంట అన్లేదు" అంది. వాడిది జీరోడెర్మా పిగ్మెంటోసమ్, పొట్టిగా ఎక్స్‌పీ. ఎండలో అయిదు నిమిషాలు నిలవలేని నా బిడ్డకు చర్మ క్యాన్సర్ పెద్ద భయం కాదు. హాయిగా ఆడుకునే ఆ పిల్లాడికి, కాపాడుకోకపోతే, పదేళ్ళు నిండకముందే అది రావచ్చు. ఏడ్చే బిడ్డను చూసి కంగారుపడి, ఏడవని బిడ్డను వదిలేస్తాం మనం. ఆ పొరపాటు ఇంకో ఇంట్లో జరగకూడదనే ఇది రాస్తున్నాను.

రెండు జబ్బులకూ మనం వాడే మాట ఒకటే, "ఎండ పడదు". ఎండలో ఉన్నది మాత్రం ఒక్క వెలుగు కాదు. 400 నానోమీటర్ల లోపు ఉండేవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. ఆ గీత దాటగానే మొదలయ్యేది కనిపించే వెలుగు, అందులో మొదట ఊదా, తర్వాత నీలం. ఎక్స్‌పీలో చెరుపు చేసేవి కనిపించని కిరణాలు. ఈపీపీలో కనిపించే వెలుగే, ముఖ్యంగా 408 నానోమీటర్ల దగ్గరి ఊదా వెలుగు. క్రీము, అద్దం, ఫిల్ము, కళ్ళజోడు, చివరికి బడిలో ఏ బెంచీ మీద కూర్చోబెట్టాలన్నదీ ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంటుంది. ఒక జబ్బుకు పనికొచ్చే రక్షణ చాలాసార్లు ఇంకో జబ్బుకు పనికిరాదు. పైగా "క్రీము రాశాం కదా" అన్న ధైర్యంతో బిడ్డను ఇంకో గంట ఎండలో ఉంచుతాం.

ఇంట్లోనే గమనించగలిగినవి

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక నోటుబుక్కులో రెండు సంగతులు రాయండి. ఎండలోకి వెళ్ళిన ఎంతసేపటికి మొదలైంది? తగ్గాక చర్మం మీద ఏం మిగిలింది?

ఈపీపీలో నిమిషాల లెక్క. ముందు చిమచిమ, తర్వాత భరించలేని మంట. ఎలర్జీ మాత్రకు తగ్గదు, నొప్పి మాత్రకూ లొంగదు, చల్లటి నీళ్ళు కాస్త ఊరట. రెండు మూడు రోజుల నుంచి వారం దాకా ఉంటుంది. పైకి కనిపించేది చాలా తక్కువ, అందుకే ఎవరూ నమ్మరు. ఏళ్ళు గడిచాక వేళ్ళ కణుపుల మీద చర్మం మందమై ముడతలు పడుతుంది, ముక్కు మీద చిన్న గుంటలు, పెదవుల చుట్టూ సన్నని గీతలు వస్తాయి. మా పాప కణుపులు చూశాకే ఒక పెద్ద డాక్టరమ్మ, "ఇది ఏడుపు కాదు, జబ్బు" అన్నారు. మూసిన కిటికీ పక్కన కూర్చున్నా మంట వస్తే ఈపీపీ అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే కనిపించే వెలుగును అద్దం ఆపదు.

ఎక్స్‌పీ రెండు రకాలుగా మొదలవుతుంది. సుమారు సగం మంది పిల్లలకు కొద్దిపాటి ఎండకే చర్మం కమిలి బొబ్బలెక్కి వారాల తరబడి మానదు. మిగతా సగానికి కమలడమే ఉండదు. కానీ ఇద్దరికీ రెండేళ్ళు నిండకముందే ముఖం మీద, మెడ మీద, చేతుల మీద నువ్వుగింజల్లాంటి మచ్చలు వస్తాయి, చర్మం ఎండిపోయినట్టు ఉంటుంది. చామనఛాయ పిల్లలకు రెండేళ్ళలోపు అలాంటి మచ్చలు మామూలు కాదు. "పుట్టుమచ్చలులే" అని ఊరుకోవద్దు. వెలుగుకు కళ్ళు చికిలించడం, నీళ్ళు కారడం, ఎర్రబడటం కూడా ఉంటాయి. దాదాపు నాలుగో వంతు మందికి మెల్లగా వినికిడి, నడక, చదువు కూడా దెబ్బతింటాయి. మన డీఎన్‌ఏను ఎండ రోజూ గీకుతూనే ఉంటుంది, శరీరం ఎప్పటికప్పుడు రఫ్ఫు చేసుకుంటూ ఉంటుంది. ఈ పిల్లల్లో ఆ రఫ్ఫు పనే జరగదు. దీన్ని 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. ఇప్పుడు దీని వెనక ఎనిమిది జన్యువులున్నాయని తెలుసు.

మూడోది మరీ అరుదు, గుంథర్ జబ్బు, ఈపీపీకి చుట్టమే. చంటిబిడ్డకు కట్టిన పాత చీర గుడ్డల మీద మూత్రం మరక గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటే తక్షణం చూపించండి. ఎండ తగిలిన చోట బొబ్బలు, మానాక గుంటలు, ముఖం మీద వెంట్రుకలు, రక్తహీనత, పళ్ళు ఎర్రటి గోధుమరంగు. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో పళ్ళు గోధుమరంగుకు తిరగడం మనకు అలవాటే కాబట్టి ఇది దాటిపోయే ప్రమాదం ఉంది. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ (చర్మ డాక్టర్లు వాడే అతినీలలోహిత దీపం) వేస్తే గుంథర్ పళ్ళు ఎర్రగా మెరుస్తాయి, ఫ్లోరైడ్ పళ్ళు అలా మెరవవు. ఈ బిడ్డలకు పుట్టిన వెంటనే కామెర్లు వచ్చి నీలిలైటు కింద పెడితే ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది. ముందు బిడ్డకు అలా జరిగి ఉంటే తర్వాతి కాన్పులో పిల్లల డాక్టరుకు మొదటే చెప్పండి.

బిడ్డ ఎదుగుదల ఆగి, తల చిన్నదై, కళ్ళు లోపలికి పోతుంటే కోకేన్ (Cockayne) సిండ్రోమ్ గురించి ఆలోచిస్తారు. దానికీ ఎండ పడదు, కానీ క్యాన్సర్ రాదు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొట్టు లేస్తూ, నడకలో తూలుతూ ఉంటే హార్ట్‌నప్ జబ్బు కావచ్చు. అది నియాసిన్ (బీ3 విటమిన్) కొరతతో వచ్చే పెల్లాగ్రాలాగే కనిపిస్తుంది, నికోటినమైడ్ మాత్రలకు లొంగుతుంది. వీటి గురించి ఇంతకంటే ఇక్కడ వద్దు.

ఒక్కమాట. ఎండ పడదని వచ్చేవాళ్ళలో చాలామందికి ఇవేవీ ఉండవు. వేసవి మొదట్లో ఎండకు వెళ్ళిన కొన్ని గంటలకు దురద పొక్కులు వచ్చి, ఎండ అలవాటయ్యేకొద్దీ తగ్గితే అది మామూలుగా కనిపించే ఎండపొక్కు. పొలానికి వెళ్ళే పెద్దవాళ్ళకు ముఖం, మెడ మందమై నల్లబడి దురద పెడితే ముందు వయ్యారిభామ మొక్కను అనుమానించాలి. డాక్సీసైక్లిన్ వంటి మాత్రలతోనూ ఎండకు కమలడం వస్తుంది. కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిపూత కలిస్తే, ఒళ్ళు తనమీద తానే దాడి చేసుకునే లూపస్ జబ్బుకు పరీక్ష. పుట్టుకతో వచ్చిన జబ్బు అని నిర్ణయించుకునే ముందు ఇవి తీసేయాలి.

ఏ పరీక్ష ముందు?

ఇక్కడే మా డబ్బూ కాలమూ పోయాయి. మాకు మొదట రాసింది మూత్ర పరీక్ష. నార్మల్ అని వచ్చింది, ఈపీపీ లాంటి పోర్ఫిరియా జబ్బేదీ కాదన్నారు. ఈపీపీలో ఒంట్లో పేరుకుని, వెలుగు తగలగానే మంట పుట్టించే పదార్థం ప్రోటోపోర్ఫిరిన్. అది నీళ్ళలో కరగదు, కాబట్టి మూత్రంలోకి రాదు. మూత్రం ఎప్పుడు చేసినా నార్మలే. చేయించాల్సింది రక్తంలో, ఎర్రకణాల ప్రోటోపోర్ఫిరిన్. రెండోసారి అదే చేయించాం. రక్తం తీసిన గొట్టాన్ని కిటికీ పక్కన బల్ల మీద రెండు గంటలు పెట్టి పంపారు. వెలుగు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. రిపోర్టు తక్కువ చూపించింది, ఇంకో ఏడాది పోయింది. మూడోసారి మా ఆయన వంటింటి అల్యూమినియం ఫాయిల్ జేబులో పెట్టుకొచ్చి, సూది తీయగానే గొట్టానికి తనే చుట్టారు. అప్పుడు పట్టుబడింది.

కాబట్టి ల్యాబుకు ముందే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వేయండి. ఎర్రకణాల ప్రోటోపోర్ఫిరిన్ చేస్తారా, జింక్ కలిసినదీ లోహం కలవనిదీ విడిగా చూపిస్తారా, శాంపిల్‌ను వెలుగు తగలకుండా పంపుతారా. జింక్ కలిసినది ఐరన్ తక్కువైనా, ఒంట్లో సీసం చేరినా పెరుగుతుంది. ఈపీపీకి గుర్తు లోహం కలవనిది ఎక్కువగా ఉండటం. గుంథర్ అనుమానమైతే మాత్రం మూత్రం, రక్తం రెండూ కావాలి.

ఎక్స్‌పీకి ఇలాంటి సులువైన రక్తపరీక్ష లేదు. చర్మం ముక్క పెంచి మరమ్మతు శక్తి కొలిచే పద్ధతి ఉంది కానీ అది చేసే చోట్లు తక్కువ. అందుకే జన్యు పరీక్ష. మచ్చలు స్పష్టంగా ఉంటే ఎక్స్‌పీ జన్యువులను మాత్రమే చూసే ప్యానెల్ పరీక్ష చాలు. ఎదుగుదల, నడక, వినికిడి కూడా కలిసి చిత్రం గందరగోళంగా ఉంటే జన్యువులన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష మేలు. పదుల వేల రూపాయల ఖర్చు కాబట్టి, రాసే డాక్టరుతో పాటు జన్యు సలహా ఇచ్చేవారితోనూ మాట్లాడాకే కట్టండి.

ఈపీపీకి జన్యు పరీక్ష చేయిస్తే ఒక మెలిక ఉంది. చాలామందిలో ఎఫ్‌ఈసీహెచ్ జన్యువు ఒక ప్రతి (కాపీ) గట్టిగా చెడి, రెండో ప్రతిలో జనంలో మామూలుగా ఉండే ఒక బలహీన మార్పు కలిసినప్పుడే జబ్బు బయటపడుతుంది. ఆ రెండో మార్పు మామూలుది కావడంతో ఎక్సోమ్ రిపోర్టులో వడకట్టి పక్కన పెట్టేస్తుంటారు. "ఇంట్రాన్ 3లోని ఆ మార్పును కూడా చూసి రాయండి" అని అడిగి రాయించుకోండి. నా మాట అడిగితే, నొప్పి కథ స్పష్టంగా ఉన్నచోట ముందు ఫాయిల్ చుట్టిన రక్తపరీక్ష, ఆ తర్వాతే జన్యువు.

తిరుపతా, వేలూరా, హైదరాబాదా?

చర్మం చూపించడానికి తిరుపతి చాలు. రుయా ఆస్పత్రిలో చర్మవిభాగం ఉంది, కాలేయం, రక్తం, నరాల వరకూ పోవాల్సి వస్తే స్విమ్స్ ఉంది. కళ్ళకు అరవింద్. చిత్తూరు వాళ్ళకు లెక్క వేరు. వాళ్ళకు తిరుపతి 70 కిలోమీటర్లు, వేలూరు దాదాపు దానిలో సగం. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చర్మం, జన్యువు, కాలేయం, ఎముక మజ్జ మార్పిడి అన్నీ ఒకే సంస్థలో దొరుకుతాయి. గుంథర్ జబ్బును మొదలంటా తగ్గించే దారి మజ్జ మార్పిడే కాబట్టి, ఆ అనుమానం ఉన్నవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళడం నయం. జన్యు సలహా, రిపోర్టుల మీద రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాదు నిమ్స్, దానితో కలిసి పనిచేసే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో అదొకటి. అక్కడ పేరు నమోదైతే, జాబితాలో ఉన్న జబ్బులకు 50 లక్షల వరకూ సాయం ఉంది. మీ జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో అక్కడే అడగండి. ఎక్స్‌పీ పిల్లల గడ్డల ఆపరేషన్ల గురించి ఆస్పత్రి ఆరోగ్యమిత్రను అడిగి, ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వస్తుందో రాయించుకోండి.

ప్రయాణం కూడా చికిత్సలో భాగమే. రాత్రి బస్సులో వెళ్ళి, తెల్లారకముందే ఆస్పత్రి లోపలికి చేరండి. పగటి బస్సులో ఎండ పడని వైపు సీటు. కారు ముందు అద్దం పొరల అద్దం కాబట్టి అతినీలలోహితాన్ని బాగా ఆపుతుంది, పక్క అద్దాలు అంతగా ఆపవు. కార్లకు నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, కాబట్టి కారుకు కాకుండా బిడ్డకే గుడ్డ కప్పడం తేలిక.

క్రీము, గుడ్డ, ఫిల్ము

సన్‌స్క్రీన్ డబ్బా మీద రాసే ఎస్‌పీఎఫ్ కమలడాన్ని లెక్కగట్టే అంకె, పీఏ అన్నది అతినీలలోహిత-ఏ (యూవీఏ) రకం కిరణాలకు గుర్తు. రెండూ కనిపించని కిరణాల గురించే. ఎక్స్‌పీ బిడ్డకు ఎస్‌పీఎఫ్ 50, పీఏ నాలుగు ప్లస్‌లు ఉన్నది మందంగా, రెండు గంటలకోసారి, చెవుల వెనక, పెదవుల మీద కూడా రాయాలి. ఈపీపీ బిడ్డకు అదే డబ్బా దాదాపు దండగ. జింక్ ఆక్సైడ్‌తో పాటు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు క్రీములు కొంత పని చేస్తాయి, చర్మం మీద కనిపిస్తాయి కూడా. కనిపించే వెలుగును ఆపేది కనిపించక తప్పదని మా పాపకు చెప్పి ఒప్పించాం.

రెండు జబ్బులకూ గుడ్డే గొప్ప మందు. ఎంచుకునే పద్ధతి సులువు. గుడ్డను ట్యూబులైటుకు ఎదురుగా పట్టండి, వెలుగు కనిపిస్తే అది వద్దు. వెంకటగిరి నూలు ఎంత అందంగా ఉన్నా ఈ పనికి పలచన. నగరి మగ్గాల మీద నేసే ముతక గుడ్డ, ముదురు రంగు జీన్స్ నయం. తడిసిన నూలుగుడ్డ రక్షణ ఇంకా తగ్గుతుంది, చెమట పట్టిన చొక్కా మార్చండి. గొడుగు తప్పనిసరే, అయినా సిమెంటు రోడ్డు మీద నుంచి, ఇసుక మీద నుంచి వెలుగు కింది నుంచీ వస్తుంది. గొడుగుతో పాటు చేతి గ్లౌజులు, ముఖానికి గుడ్డ.

ఇంటి కిటికీలకు ఎక్స్‌పీ ఇంట్లో 400 నానోమీటర్ల వరకూ ఆపే రంగులేని యూవీ ఫిల్ము చాలు, గది వెలుతురుగానే ఉంటుంది. ఈపీపీ ఇంట్లో పసుపు రంగు ఫిల్మో మందపాటి కర్టెనో కావాలి. లోపలి ఎల్‌ఈడీ బల్బులకు ఎక్స్‌పీ వాళ్ళు భయపడనక్కర్లేదు, పాత హాలోజెన్, మెర్క్యురీ దీపాలు తీసేయండి. ఈపీపీ వాళ్ళు కాలేయం ఆపరేషన్ లాంటి పెద్ద ఆపరేషన్ వస్తే థియేటరు లైట్ల గురించి సర్జన్‌తో ముందే మాట్లాడాలి, ఆ వెలుగుకు లోపలి అవయవాలు కూడా కాలతాయి.

రెండు ఇళ్ళలోనూ విటమిన్ డి తగ్గుతుంది, పరీక్ష చేసి వాడాలి. ఎక్స్‌పీ బిడ్డ చర్మాన్ని తలనుంచి కాళ్ళదాకా డాక్టరు మూడు నెలలకోసారి చూడాలి, ఇంట్లో మీరు నెలనెలా ఫోటో తీసి పోల్చాలి. కొత్త గడ్డ, మానని పుండు చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే ఈ పిల్లలు పెద్దవాళ్ళవుతారు. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ ఉండకూడదు. ఈపీపీ బిడ్డకు ఏటా కాలేయ పరీక్షలు, హెపటైటిస్ ఏ, బీ టీకాలు. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. కొద్దిమందిలో కాలేయం పూర్తిగా చెడుతుంది కాబట్టి ఈ పరీక్షలు మానొద్దు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర కూడా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూశాకే వేయండి, కొందరికి ఐరన్‌తో మంట పెరుగుతుంది. బీటా కెరోటిన్ ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, బలమైన ఆధారం లేదు. పెద్దవాళ్ళ ఈపీపీకి అఫామెలనోటైడ్ అనే ఇంప్లాంటును యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో ఒప్పుకున్నారు. రెండు నెలలకోసారి చర్మం కింద పెడతారు. అది ఊళ్ళో మందుల షాపులో దొరికేది కాదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎక్స్‌పీ మచ్చల మధ్య తెల్లమచ్చలూ వస్తాయి. వాటిని బొల్లి అనుకుని బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెడతారు. బావంచాల్లో ఉన్నది ఎండ దెబ్బను పెంచే పదార్థం. ఈ బిడ్డలకు అంతకంటే చేటు లేదు.

పుట్టువెంట్రుకల మొక్కు గురించీ అడుగుతారు. తలమీది జుట్టు ఎక్స్‌పీ బిడ్డకు దేవుడిచ్చిన టోపీ. తిరుమలలో గుండు బదులు మూడు కత్తెరలు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. గుండే చేయించాలని పెద్దలు పట్టుబడితే రాత్రివేళ వెళ్ళి, కల్యాణకట్టలో నుంచి బయటికి రాకముందే తలకు మందపాటి గుడ్డ కట్టండి. కొండ మీద ఎండ చల్లగా అనిపించినా అతినీలలోహితం కింద కంటే ఎక్కువే.

తర్వాతి బిడ్డ

ఎక్స్‌పీ, గుంథర్ రెండూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన ప్రతి వస్తేనే వచ్చేవి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో, అంతకంటే మేనమామను చేసుకున్నప్పుడు, ఇద్దరి దగ్గరా ఒకే చెడిన ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. పలమనేరు ఆమె చేసుకున్నది మేనమామనే. ఊళ్ళో ఆమెనే తప్పుపట్టారు, అది అన్యాయం. చెడిన ప్రతి ఇద్దరిలోనూ ఉంది, ఇద్దరికీ తెలియదు. ఈపీపీ లెక్క వేరు. భర్తకు ఆ బలహీన మార్పు గానీ, చెడిన ప్రతి గానీ లేకపోతే మా పాప పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇంట్లో మార్పు ఏదో తెలిస్తే తర్వాతి కాన్పులో మూడో నెల చివర్లోనే మావి ముక్క తీసి చూడొచ్చు. అందుకే జన్యు రిపోర్టు అసలు కాగితం జాగ్రత్త చేయండి.

ఆరోజు వరండాలో ఆమె ఒళ్ళో ఉన్న ఏడు నెలల పాపకు ఒక్క మచ్చ కూడా లేదు. చెనక్కాయ కోతల రోజులవి. గట్టున చెట్టుకింద ఉయ్యాల కట్టి పని చేసుకునేదట. అన్న రిపోర్టులో ఏ మార్పు ఉందో తెలిసింది కాబట్టి చెల్లికి ఆ ఒక్కటి చూస్తే చాలు, ఖర్చు తక్కువ అని డాక్టరు చెప్పి రక్తం తీయించారు. ఫలితం వచ్చేదాకా ఈ పాపకూ అన్నలాగే పగలంతా గుడ్డ కప్పే ఉంచమన్నారు. ఆమె నా దుపట్టాను లైటుకు ఎదురుగా పట్టి చూసి, "ఇది పనికొస్తుందా అక్కా?" అని అడిగింది. అది పలచన. నా సంచిలో ఉన్న మా పాప జీన్స్ గుడ్డ తీసి ఇచ్చాను.